ముక్క నాటాలా, నేల అంటు తొక్కాలా, గాలి అంటు కట్టాలా?

మా అత్తవారి ఇల్లు విశాఖ గోపాలపట్నంలో. పాత పెంకుటిల్లు, వెనక పెద్ద పెరడు. నిరుడు వేసవిలో ఇల్లు అపార్ట్‌మెంట్‌కి ఇచ్చేద్దామని అందరం ఒక మాట అనుకున్నాక ఇంట్లో సామాన్ల పంపకం ఒక్క పూటలో తేలిపోయింది. పెరడు దగ్గరే ఆగిపోయాం. నిమ్మ, జామ, దానిమ్మ, మామిడి, కరివేపాకు, మల్లె పొద, తులసి కోట, నీళ్ల తొట్టి పక్కన పుదీనా. వీటిలో ఏదీ లారీ ఎక్కేది కాదు. "ఆ నిమ్మ నేను కాపురానికొచ్చిన ఏడు వేశానమ్మా. వంద కాయలు కోసినా అందులో ఎండు కాయ ఉండేది కాదు" అని అత్తయ్య చెట్టు మొదట్లో నిలబడి అన్నారు. దసరాకి ఇల్లు ఖాళీ చేయాలి. మా చేతిలో ఉన్నవి జూన్ నుంచి సెప్టెంబరు దాకా నాలుగు నెలలు. ఎంవీపీ కాలనీలో మేముండే మూడో అంతస్తు ఫ్లాటు బాల్కనీ, పైన డాబాలో మా వాటా, చోటు కూడా అంతే.

ఆ నాలుగు నెలల్లో ఒక్కో చెట్టుకి ఒక్కో దారి పట్టాల్సొచ్చింది. "ఇంట్లో మొక్కకి పిల్ల మొక్క ఎలా తీయాలి?" అని అడిగిన వాళ్లందరికీ యూట్యూబులో గాలి అంటునే చూపిస్తున్నారు: చెట్టు మీదున్న కొమ్మకే ఉంగరంలా బెరడు ఒలిచి, అక్కడ తడి కొబ్బరి పొట్టు ఉండ పెట్టి కవరు చుట్టడం, వేరు పట్టాక కొమ్మ కోసుకోవడం. చూడ్డానికి అద్భుతంగా ఉంటుంది, నిజమే. కానీ ప్రతి మొక్కకీ అది అక్కర్లేదు, కొన్నిటికి అసలు పనికిరాదు. దేనికి ఏది పనికొస్తుందో మా పెరటినే వరసగా పట్టుకుని చెప్తాను.

అసలు తేడా ఒక్కటే. ముక్క నాటితే కొమ్మను ముందు కోసేస్తాం, వేరు తర్వాత రావాలి. ఈలోపు దానికి నీళ్లు అందించే దిక్కు ఉండదు. తనలో దాచుకున్న బలం అయిపోయేలోపు వేరు వస్తే బతుకుతుంది, లేకపోతే ఎండిపోతుంది. అంటులో, అది కొమ్మను వంచి మట్టిలో తొక్కే నేల అంటైనా గాలి అంటైనా, వేరు ముందు వస్తుంది, కోత తర్వాత. అన్నాళ్లూ తల్లి చెట్టే నీళ్లు పంపుతుంది. అందుకని సులువుగా వేరు పట్టే మొక్కకి ముక్క చాలు. ముక్కకి వేరు పట్టడం కష్టమై, తల్లి చెట్టు ఒక్కటే ఉండి, అది పోతే మళ్లీ దొరకదు అనుకున్నప్పుడు గాలి అంటు కట్టాలి. నా మట్టుకు నేను ఎంచుకునేది ఈ ఒక్క లెక్కతోనే.

పచ్చి మొక్కలకి గాలి అంటు వద్దు

పుదీనా, వాము ఆకు, తులసి, మరువం. వీటికి గాలి అంటు కడతామని ఎవరైనా అంటే ఆపండి. వీటి కాడ మెత్తన. బెరడు వేరుగా, కట్టె వేరుగా ఉండదు. ఉంగరంలా ఒలవబోతే కాడే తెగుతుంది, తెగకపోతే పొట్టు ఉండ బరువుకి వంగి విరుగుతుంది. పుదీనాని బజారు నుంచి తెచ్చిన కట్టలోంచి నాలుగు రెమ్మలు తీసి, కింది ఆకులు గిల్లేసి గ్లాసు నీళ్లలో పెడితే వారం పది రోజులకి కణుపుల దగ్గర తెల్లటి వేళ్లు కనిపిస్తాయి. నీళ్లు మాత్రం రోజు విడిచి రోజు మార్చాలి. వాము ఆకు కాడ తుంచి తడి మట్టిలో గుచ్చితే చాలు. తులసికి ముక్క కన్నా గింజే మంచిది, పాత తులసి ఎలాగూ కట్టెబారిపోతుంది. ఎండిన కంకుల్ని నలిపి మట్టి మీద చల్లి, పైన మట్టి కప్పకుండా తడిపితే మొలుస్తాయి. తమలపాకు తీగకైతే ప్రతి కణుపు దగ్గరా వేరు ముందే పుట్టి ఉంటుంది, మూడు కణుపుల ముక్క చాలు. నిమ్మగడ్డిని కుదురు చీల్చి నాటడమే.

రోజ్‌మేరీ మన సముద్రపు ఉక్కలో బతికించడమే కష్టం. బతికి కింది కొమ్మలు కాస్త కట్టెబారితే మాత్రం వాటిలో ఒకదాన్ని వంచి మట్టిలో తొక్కండి. కోసి నాటిన ముక్క ఉక్కకి కుళ్లిపోతుంది. తల్లిని అంటిపెట్టుకున్న కొమ్మకి ఆ భయం తక్కువ.

వంగే కొమ్మకి నేల అంటు

మల్లెకి మా అత్తయ్య చిన్నప్పటి నుంచీ చేసేది ఇదే. నేల మీదికి వాలిన తీగను కణుపు కింద గోటితో చిన్నగా గీరి, ఆ గీరిన చోటు మట్టిలోకి పోయేలా తొక్కి, పైన చిన్న రాయి పెట్టేవారు. చివర మాత్రం బయటికి, సూర్యుడి వైపు. రెండు మూడు నెలలకి తీగను మెల్లిగా లాగి చూస్తే మట్టి పట్టుకుని ఉంటుంది. వచ్చేస్తే ఇంకా వేరు పట్టలేదని, మళ్లీ తొక్కేవారు. ఈసారి మేం చేసిన మార్పు ఒక్కటే, నేలలో కాకుండా పొద పక్కన కుండీ పెట్టి అందులోకి తొక్కాం. తర్వాత పెకిలించే పని లేకుండా కుండీతో సహా ఎంవీపీకి వచ్చేసింది. బ్లేడు, కవరు, మందు ఏవీ అక్కర్లేదు. వంగే కొమ్మ ఉన్న ఏ మొక్కకైనా ముందు దీన్నే ఆలోచించండి. గాలి అంటు కన్నా ఇదే తేలిక, తడి ఆరిపోతుందన్న బెంగ ఉండదు.

కరివేపాకుకి ఇవేవీ కావు. పెద్ద చెట్టు చుట్టూ వేళ్ల నుంచి పిలకలు లేస్తాయి. వానలు పడ్డాక వాటిని కొంచెం వేరుతో సహా తవ్వి తీస్తే చాలు. పిలక లేకపోతే నల్లగా పండిన కాయలు ఏరి, గుజ్జు కడిగి, ఆ వారంలోనే గింజ పెట్టాలి. దాచిన గింజ మొలవదు. గాలి అంటుతో కూడా వస్తుంది కానీ అంత శ్రమకి ఫలితం లేదు.

దానిమ్మ మధ్యరకం. పెన్సిలు మందాన ముదిరిన కొమ్మ జానెడు ముక్క కోసి ఇసుక కలిపిన మట్టిలో నిలబెడితే చాలావరకు వేరు పడుతుంది. నర్సరీల్లో ఎక్కువగా గాలి అంటు కట్టి అమ్ముతారు, ఎందుకంటే అంటులో నష్టం తక్కువ, పైగా ఒక్కసారే పెద్ద మొక్క చేతికొస్తుంది. మీకు ఒక్క మొక్క కావాలంటే ఆరు ముక్కలు నాటండి, రెండైనా నిలుస్తాయి. మేం ఆరు నాటితే మూడు నిలిచాయి.

జామ, నిమ్మ: ఇక్కడ గాలి అంటు

జామ కొమ్మ ముక్కకి వేరు పట్టడం చాలా కష్టం. గింజ పెడితే చెట్టు వస్తుంది గానీ తల్లి రుచి వస్తుందన్న భరోసా లేదు, కాపుకీ ఆలస్యం. అందుకే జామకి గాలి అంటు అంతగా అలవాటైంది. నిమ్మ సంగతి వేరు, కొంచెం వివరంగా చెప్పాలి. మన కాగితపు నిమ్మ గింజలో ఒక్కోసారి రెండు మూడు మొలకలు వస్తాయి. వాటిలో ఎక్కువ భాగం తల్లి కణజాలం నుంచే పుట్టినవి, కాబట్టి తల్లినే పోలి ఉంటాయి. రుచి పోతుందన్న భయంతో గింజను వదులుకోనక్కర్లేదు. అసలు ఇబ్బంది కాలం. గింజ మొక్క కాపుకి రావడానికి నాలుగైదేళ్లు పడుతుంది, అప్పటిదాకా పొడుగు ముళ్లతో పైపైకి పోతుంది. కుండీలో అది పెద్ద కష్టం. అంటు మొక్క కాసే కొమ్మ నుంచే వచ్చింది కనుక రెండు మూడేళ్లలోనే కాయ చూడొచ్చు, పొట్టిగా కుండీకి సరిపోతుంది.

గింజవైపు ఇంకో మాట కూడా ఉంది. తల్లి చెట్టుకి రోగం ఉంటే అంటు ఆ రోగాన్ని వెంట తెస్తుంది. ఆకులు అక్కడక్కడా పసుపు మచ్చలు పడి, కొమ్మలు చివర నుంచి ఎండుతూ, కాయలు వంకరగా చిన్నగా మిగిలిపోతున్న నిమ్మ నుంచి అంటు కట్టకండి. చెట్టు మీద ప్రేమ ఉన్నా సరే. అలాంటప్పుడు గింజ పెట్టండి, లేదా తిరుపతి నిమ్మ పరిశోధన నుంచి వచ్చిన బాలాజీ రకం లాంటి మంచి మొక్క కొనుక్కోండి. అత్తయ్య నిమ్మ ఆరోగ్యంగా ఉంది, అందుకే ధైర్యం చేశాం.

అసలు ఉంగరంలా బెరడు తీస్తే వేరు ఎందుకొస్తుంది? నీళ్లు కట్టెలోంచి పైకి వెళ్తాయి, బెరడు ఒలిచినా ఆ దారి తెగదు, అందుకే కొమ్మ వాడదు. ఆకులు వండిన చక్కెర మాత్రం బెరడు లోపలి పొరలోంచి కిందికి దిగుతుంది. వేళ్లు పుట్టించే హార్మోను కూడా చివుళ్ల నుంచి కిందికే దిగుతుంది. దారి తెగిన చోట ఇవి రెండూ ఆగి, కోత పై అంచు దగ్గర పేరుకుంటాయి. అక్కడ తడి, చీకటి దొరికితే వేరు పుడుతుంది. కాబట్టి మందు రాయాల్సింది పై అంచుకి, పొట్టు ఉండ మధ్యకి రావాల్సింది కూడా పై అంచే.

మేం చేసింది ఇది. ఏడాది వయసు కొమ్మ, వేలు కన్నా సన్నంగా, పెన్సిలు కన్నా లావుగా ఉన్నది ఎంచాం. జానెడు మేర ఆకులు, ముళ్లు తీసేశాం. కణుపుకి కొంచెం కింద బ్లేడుతో చుట్టూ ఒక గాటు, దానికి రెండున్నర మూడు సెంటీమీటర్ల కింద ఇంకో గాటు, రెండిటినీ కలుపుతూ నిలువునా ఒకటి. గోటితో పట్టి తిప్పితే బెరడు గొట్టంలా ఊడొచ్చింది. జూన్ వానల తర్వాత రసం మీద ఉన్న చెట్టుకి బెరడు ఇంత సులువుగా వస్తుంది. వేసవిలో కట్టెకి అతుక్కుని ముక్కలు ముక్కలుగా వస్తుంది.

మొదటిసారి నేను ఇక్కడే దెబ్బతిన్నాను. జామకి రెండు అంట్లు కట్టి నలభై రోజులు ఆగి విప్పితే ఒక్క వేరూ లేదు. ఒలిచిన చోట పై అంచు నుంచీ కింది అంచు నుంచీ తెల్లటి కండ, పాలకోవా రంగులో, గుళ్లు గుళ్లుగా పెరిగి మధ్యలో కలిసిపోయింది. దారి మళ్లీ అతుక్కుంది, చక్కెర ఎప్పటిలా కిందికి పోయింది, వేరుతో పనేముంది దానికి? వీధిలో తోటపని చేసే ముసలాయన చూసి చెప్పాడు: "తోలు ఒలిసినంత మాత్రాన అవదమ్మా. లోన జిగురుంటాది. అది గీకీకపోతే మళ్లీ అతుక్కుపోద్ది." రెండోసారి కట్టె మీది ఆ జారుడు పొరను బ్లేడు వీపుతో గీకి, పొడి గుడ్డతో తుడిచాం. వేలు పెడితే జారకూడదు, గరుకుగా తగలాలి. అదే గుర్తు.

వేళ్ల మందుగా ఐబీఏ పొడి దొరుకుతుంది, విత్తనాల దుకాణాల్లో అడిగితే ఇస్తారు. పై అంచుకి కొంచెం అద్దాం. కలబంద గుజ్జు కూడా ఒక దానికి రాసి చూశాను. ఏమీ రాయని దానికీ దానికీ నాకు తేడా కనిపించలేదు.

చుట్టడానికి స్పాగ్నమ్ నాచు దొరికితే శ్రేష్ఠం, దొరక్కపోతే కొబ్బరి పొట్టు. కొబ్బరి పొట్టులో ఉప్పు ఉంటుంది, కాబట్టి రెండు మూడు నీళ్లు పోసి పిండి పారబోశాకే వాడాలి. గుప్పెట పెట్టి గట్టిగా పిండితే చుక్క కారకూడదు, చేయి విప్పితే ఉండ విడిపోకూడదు. అదే తడి సరైనది. ఎక్కువైతే కుళ్లు. కొంతమంది మట్టీ పేడా కలిపి కడతారు, పనిచేస్తుంది, కానీ బరువు, గాలికి ఊగే కొమ్మ మీద అది మంచిది కాదు. ఉండ మీద లోపలిది కనిపించే పాలిథీన్ చుట్టి, కింది ముడి బిగువుగా, పై ముడి ఇంకా బిగువుగా కట్టాలి. పైన సందుంటే వాన నీళ్లు లోపలికి దిగి ఉండ నానిపోతుంది. అలాంటి కవరైతే వేళ్లు బయటికి కనిపిస్తాయి. ఎండ తగలకుండా దాని మీద పాత నల్ల గుడ్డ చుట్టి, వారానికోసారి విప్పి చూశాను. అల్యూమినియం రేకు చుట్టమని చెప్తారు, మా పెరట్లో కాకులు ఆ మెరుపుకి వచ్చి రెండు రోజుల్లో చింపేశాయి. చీమల సంగతి కూడా చూసుకోండి. ఒక ఉండలో ఎర్రచీమలు గూడు పెట్టి, పొట్టంతా తోడి పోశాయి.

జామకి ఐదో వారంలో తెల్ల దారాల్లాంటి వేళ్లు కవరుకి తగిలాయి. నిమ్మకి ఏడో వారం. తెల్లగా ఉన్నప్పుడు తొందరపడకండి. అవి గోధుమ రంగుకి తిరిగి, పక్క వేళ్లు వేసి, ఉండను అల్లుకున్నాకే కోయాలి. వారం ముందు ఉండ కింద కొమ్మను సగం దాకా కోసి వదిలాం, తల్లి నుంచి ఒక్కసారిగా తెగకుండా. ఆరు నిమ్మ అంట్లలో నాలుగు నిలిచాయి.

విశాఖలో ఎప్పుడు, ఎక్కడ

మన ఊళ్లో గాలి అంటుకి తగిన కాలం జూన్ మూడో వారం నుంచి ఆగస్టు దాకా. గాల్లో తేమ ఉంటుంది, చెట్టు చిగురు మీద ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో కడితే ఉండ ఎండిపోతుంది, సూదితో నీళ్లు పట్టాలి, అయినా బెరడు సరిగా ఊడదు. సెప్టెంబరు తర్వాత కొత్తగా కట్టడం నాకు ఇష్టం లేదు. వేరు పట్టేసరికి అక్టోబరు తుపాన్ల కాలం వస్తుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఈ ఊరి మీద తీరం దాటినప్పుడు వీధుల్లో చెట్లు ఎలా పడి ఉన్నాయో చూసిన వాళ్లెవరికీ ఆ నెలంటే తేలిగ్గా ఉండదు. అంత గాలి అక్కర్లేదు కూడా. ఒలిచిన చోట కొమ్మకి బలం సగమే. ఆగస్టులో ఒక రాత్రి మామూలు వాన గాలికే మా ఆరు నిమ్మ అంట్లలో ఒకటి, వేళ్లు బాగా పట్టిందే, సరిగ్గా ఉంగరం దగ్గర పుటుక్కున విరిగి తెల్లారేసరికి వేలాడుతోంది. ఆ రోజే మిగతావాటికి వెదురు పుల్లలు ఉండకి పైనా కిందా ఆనేలా పెట్టి పురికొసతో కట్టాం. మీరు కట్టిన రోజే ఆ పుల్ల కట్టేయండి.

గాలి మాట వచ్చింది కాబట్టి ఎంపికలో ఇది కూడా లెక్కేసుకోవాలి. గాలి అంటు మొక్కకి తల్లి వేరు ఉండదు, పక్క వేళ్లే. కుండీలో దాని వల్ల నష్టం లేదు, కుండీకి లోతు వేరు అక్కర్లేదు, ఊతకర్ర పెడితే చాలు. కానీ పెందుర్తి వైపో సబ్బవరం వైపో స్థలం ఉండి నేలలో నాటాలనుకుంటే ఆలోచించండి. గాలి ఎదురుగా కొట్టే చోట గింజ మొక్కో, గింజ మొక్క మీద వేరే కొమ్మ అతికిన అంటో ఎక్కువ పట్టుగా నిలుస్తుంది.

బాల్కనీ సముద్రం వైపు ఉంటే కొత్త అంటును అక్కడ పెట్టకండి. ఉప్పు గాలికి లేత ఆకుల అంచులు మాడతాయి. కోసిన అంటు మొక్కకి మొదటి మూడు వారాలు ఎండ వద్దు, గాలి వద్దు. మేం కవరు మాత్రం విప్పి, ఉండ చెదరకుండా పది అంగుళాల కుండీలో పెట్టి, ఆకులు సగం తుంచి, మెట్ల కింద నీడలో ఉంచాం. వేళ్లు కొన్నే ఉంటాయి, ఆకులన్నీ ఉంచితే అవి తాగే నీళ్లకి ఈ వేళ్లు చాలవు. మొదటి ఏడాది నిమ్మకి వచ్చిన పూత గిల్లేశాను. అత్తయ్యకి నచ్చలేదు, కానీ కాయ కన్నా వేరు ముందు బలపడాలి.

రకం ముఖ్యమై, ఆ చెట్టే కావాలన్న మమకారం లేకపోతే ఈ పని మొత్తం వదిలేసి కడియం నుంచి వచ్చే అంటు మొక్క కొనుక్కోవడమే సుఖం. అలహాబాద్ సఫేదా జామ, లక్నో 49 జామ, భగవా దానిమ్మ ఎక్కడైనా దొరుకుతాయి. కొనేటప్పుడు ఒక్కటి చూడండి: అది వేరే మొక్క మీద అతికిన అంటైతే మొదట్లో అతుకు గుర్తు కనబడాలి, ఆ అతుకుకి కింద నుంచి వేరే చిగురు లేస్తుంటే అది గిల్లేయాలి, లేకపోతే కొన్న రకాన్ని మింగేస్తుంది. గాలి అంటు మొక్కకి ఈ బెడద లేదు, అడుగు నుంచి చివరి దాకా అది ఒకటే చెట్టు.

మామిడి మాత్రం మాకు చిక్కలేదు. మామిడికి గాలి అంటు నమ్మకంగా పట్టదు. పట్టినా ఆ బలహీనమైన వేళ్ల మీద పెద్ద చెట్టు నిలవదు. దానికి సరైన దారి టెంకను మొలిపించి, ఆ మొలక ఇంకా రాగిరంగు ఆకులతో లేతగా, పది పదిహేను రోజుల వయసులో ఉండగానే దాని తల కోసి, తల్లి చెట్టు నుంచి అంతే మందం ఉన్న కొమ్మ చివర తెచ్చి అతకడం. జులై, ఆగస్టు దానికి మంచి సమయం. కానీ మేం ఆ సంగతి తెలుసుకునేసరికి ఆ వేసవి పళ్ల టెంకలన్నీ చెత్తబుట్టలోకి వెళ్లిపోయాయి, బజారులో మామిడి అయిపోయింది. మీ పెరట్లో వదులుకోలేని మామిడి ఉంటే ఈ వేసవి తిన్న పళ్ల టెంకలు ఏ రకానివైనా సరే కడిగి నీడన ఆరబెట్టండి. పది రోజులు దాటకుండా ఒక్కో టెంకను ఒక్కో సంచిలో, ఉబ్బెత్తుగా వంగిన అంచు పైకి ఉండేలా నాటండి. పదిహేను ఇరవై మొలిస్తే, అవి లేతగా ఉండగానే చెయ్యి తిరిగిన అంటు మనిషిని పిలిచి కట్టించుకోవచ్చు.